తల అరిగిన బోల్టును ఊడదీయడం ఎలా

బోల్టు మీద పానా టక్కున జారి, మీ వేళ్ల కణుపులు వెళ్లి ఏ ఇనుప అంచుకో గుద్దుకున్నాయనుకోండి. నొప్పి సంగతి తర్వాత చూద్దాం. ముందు పానా కింద పెట్టేయండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కోపంలో ఇంకోసారి పెట్టి లాగుతారు. మొదటిసారి జారినప్పుడు బోల్టు తల మూలలు కాస్త నలుగుతాయి, అంతే. రెండోసారికి నున్నబడతాయి. మూడోసారికి అది బోల్టు కాదు, గోలీకాయ.

మాది బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి పదిహేను, పదహారు కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం బీచికి వెళ్లి రావడం, రంభ వైపు వెళ్లేటప్పుడు హుమ్మా దగ్గర ఉప్పుమళ్ల పక్కనుంచి పోవడం మా ఊరి కార్లకు మామూలే. ఉప్పు చేరిన తేమలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పైగా తుప్పు అసలు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు తీసుకుంటుంది. బోల్టు మరలకూ నట్టు మరలకూ మధ్య ఉండేదే వెంట్రుకవాసి సందు. అందులో తుప్పు ఉబ్బితే ఇక కదలదు. మా వీధి చివర ఒడియా మెకానిక్ దీన్ని 'కళంకి' అంటాడు. ఒడియాలో తుప్పుకు మాట అదే. మన చెవికి కళంకంలా వినిపిస్తుంది. ఆ కళంకం కడగడానికి టైము పడుతుంది, అసలు విషయమంతా అదే.

నాకీ పాఠం ముందు చక్రం బ్రేకు ప్యాడ్లు మార్చబోయినప్పుడు వచ్చింది. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగం) కింది బోల్టు, తల 14 మిల్లీమీటర్ల సైజు. నా 14 పానా కనిపించలేదు. మా నాన్నగారి పాత పెట్టెలో చేయి పెడితే సరిగ్గా సరిపోయినట్టే అనిపించిన పానా ఒకటి దొరికింది. ఫైలిన్ తుఫానప్పుడు, 2013 అక్టోబరులో, తడిసి నల్లబడ్డ పెట్టె అది. పానా మీద అంకె కనబడలేదు. పెట్టి లాగాను, జారింది. తర్వాత గుడ్డతో తుడిచి చూస్తే 9/16 అని ఉంది. అంగుళాల పానా! 9/16 అంగుళం అంటే 14.29 మిల్లీమీటర్లు. మూడో వంతు మిల్లీమీటరు కూడా తేడా లేదు, బోల్టు మూలలు పోవడానికి ఆ తేడా చాలు.

చేయి పెట్టే ముందు

కారు సమానమైన నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లో చెక్కలో పెట్టండి. కారును జాకీ మీద మాత్రమే వదిలి దాని కిందికి వెళ్లొద్దు. జాక్ స్టాండ్లు పెట్టండి. మొండి బోల్టును లాగేటప్పుడు కారు మొత్తం ఊగుతుంది. ఉత్త జాకీ ఆ ఊపుకు పక్కకు పడిపోతుంది. చక్రం నట్లు మొండికేస్తే వాటిని కారు ఎత్తక ముందే, టైరు నేలకు ఆని ఉండగానే కాస్త వదులు చేసుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. చదువుకునే కళ్లద్దాలు కాదు, పక్కలు కూడా మూసి ఉండేవి. తుప్పు రవ్వ కంట్లో పడితే అది నీళ్లతో కడిగితే పోయే రకం కాదు.

తర్వాత ఏ వైపు తిప్పాలో ఖాయం చేసుకోండి. నవ్వకండి. కారు కింద వెల్లకిలా పడుకుని, చేయి చుట్టూ తిప్పి, బోల్టును వెనకనుంచి చూస్తున్నప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయి. ఊడదీస్తున్నాననుకుని ఇంకా బిగించేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. సులువు చెబుతాను: మనసులో బోల్టు తల ఎదురుగా వెళ్లి నిలబడండి. అక్కడినుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు తిరగాలి. అనుమానంగా ఉంటే ఇంకో వదులు బోల్టు మీద ఒకసారి తిప్పి చూసుకోండి.

నానబెట్టడం

వైరు బ్రష్షుతో బోల్టు చుట్టూ ఉన్న మట్టి, పొక్కు తుప్పు గీకేయండి. మరలు వెనకవైపు బయటికి కనిపిస్తుంటే అక్కడ ఇంకా శ్రద్ధగా గీకండి. బోల్టు బయటికి రావాలంటే ఆ తుప్పు పట్టిన మరలే రంధ్రం గుండా రావాలి కదా.

ఇప్పుడు పెనిట్రేటింగ్ ఆయిల్, అంటే సన్న సందుల్లోకి పాకే నూనె, కొట్టండి. మన ఇళ్లలో అందరికీ తెలిసింది డబ్ల్యూడీ-40. ఆ పేరులో డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీటిని తొలగించేదని. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందట, 1953లో. మామూలు తుప్పుకు అది సరిపోతుంది. బాగా ముదిరితే తుప్పు కోసమే చేసిన రకం కొనండి. ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్, దానికి సమానంగా అసిటోన్ కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. బాగానే పాకుతుంది. కానీ రెండూ విడిపోతుంటాయి కాబట్టి ప్రతిసారీ కుదపాలి, ఇట్టే అంటుకుంటుంది, పెయింటునూ రబ్బరునూ పాడు చేస్తుంది. ఇంట్లో మిగిలిన కొబ్బరినూనె, పాత ఇంజన్ ఆయిల్ పోసి ఎదురు చూడకండి. అవి చిక్కగా ఉంటాయి, సందులోకి పాకవు.

బ్రేకుల దగ్గరైతే ఒక జాగ్రత్త. డిస్కు మీద, ప్యాడ్ల మీద నూనె పడితే బ్రేకు పట్టదు. డిస్కుకు ప్లాస్టిక్ సంచి కట్టి, స్ప్రే కొట్టకుండా చుక్కలు చుక్కలుగా వేయండి. పనయ్యాక డిస్కును బ్రేకు క్లీనర్‌తో కడగండి. ప్యాడు నూనె తాగేస్తే మాత్రం కడిగి లాభం లేదు, మార్చాల్సిందే.

నూనె వేశాక బోల్టు తల మీద సుత్తితో నిటారుగా కొట్టండి. బలంగా ఒక్క దెబ్బ కాదు, మధ్యస్థంగా పది పదిహేను దెబ్బలు. ఆ అదురుకు తుప్పులో సన్న పగుళ్లు వస్తాయి, నూనె వాటిలోకి దిగుతుంది. మళ్లీ నూనె, మళ్లీ దెబ్బలు. గంటకోసారి ఇలా మూడు నాలుగుసార్లు చేసి, రాత్రికి వదిలేయండి. ఉదయం పని మొదలెట్టి మధ్యాహ్నానికి కారు బయటికి తీయాలనుకునే వాళ్లకే బోల్టులు విరుగుతాయి. ప్యాడ్లు మార్చేది ఆదివారమైతే శుక్రవారం రాత్రి నుంచే నూనె వేయడం మొదలెట్టండి. టెన్షన్ సగం అక్కడే పోతుంది.

సరైన గోటీ, సరైన బలం

తల ఇంకా బాగున్న బోల్టుకు ఫిక్స్ పానా వాడకండి. అది రెండు ముఖాలనే పట్టుకుంటుంది, నోరు తెరుచుకుంటుంది. సాకెట్ వాడండి. మా గ్యారేజీల్లో దాన్నే గోటీ అంటారు. అందులోనూ లోపల ఆరు మూలలున్నదే తీసుకోండి. పన్నెండు మూలల గోటీ బోల్టు తలను మూలల దగ్గరే పట్టుకుంటుంది, ఆరు మూలలది ముఖాలను పట్టుకుంటుంది. మొండి బోల్టు దగ్గర ఆ తేడా తెలిసిపోతుంది. గోటీని చివరిదాకా దిగేలా సుత్తితో తట్టి కూర్చోబెట్టండి. బోల్టు తల చుట్టూ మట్టి పేరుకుపోయి ఉంటే గోటీ పైపైనే పట్టుకుని జారుతుంది.

ముందు ఊడే వైపు కాదు, బిగించే వైపు కొద్దిగా నెట్టండి. రవ్వంత కదిలినా చాలు, తుప్పు పట్టు తెగుతుంది. తర్వాత ఊడదీసే వైపు రండి. లాగడం నెమ్మదిగా, ఒకే ధారగా ఉండాలి. బోల్టు కదలగానే సంబరపడి తిప్పుకుంటూ పోవద్దు. అర చుట్టు బయటికి, పావు చుట్టు లోపలికి, నూనె చుక్క. మళ్లీ అర చుట్టు. మర లోపల రాలిన తుప్పు పొడి ముందుకు పేరుకుంటే బోల్టు మధ్యలో మళ్లీ పట్టేస్తుంది, అప్పుడు విరుగుతుంది.

రాడ్డుకు పైపు తొడిగి లాగడం మనందరికీ ఇష్టమైన వైద్యం. ఎక్కడ తొడగాలో మాత్రం లెక్క చూసుకోండి. తల 10 మిల్లీమీటర్లయితే మర మందం 6, తల 12 లేదా 13 అయితే మర 8, తల 14 లేదా 17 అయితే మర 10. ఎక్కువగా అంతే ఉంటుంది. 8 మర బోల్టుకు మామూలు బిగింపు 25 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) చుట్టుపక్కల. అర మీటరు రాడ్డు చివర పది కిలోల బలం పెడితేనే దాదాపు 50 అయిపోతుంది. అంటే చిన్నపిల్లవాడు వేలాడినా విరుగుతుంది. చక్రం నట్లకు, కాలిపర్ బ్రాకెట్ బోల్టులకు పైపు వాడండి. చిన్న బోల్టులకు చేతిపొడవు రాట్చెట్ చాలు. దానికి రాలేదంటే ఇంకా నానలేదని.

లాగుతున్నప్పుడు బోల్టు రబ్బరులా సాగుతూ తిరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపండి. అది ఊడటం కాదు, మెలిపడి తెగబోవడం. ఊడే బోల్టు సాధారణంగా 'క్రీచ్' మనో 'టక్' మనో అంటుంది. తెగబోయేది చప్పుడు చేయదు.

తల అరిగిపోయాక

నా 14 బోల్టు ఎలా వచ్చిందో చెబుతాను, ఎందుకంటే ముందు చేయాల్సిన ప్రయత్నం అదే. 13 సైజు ఆరు మూలల గోటీ తీసుకున్నాను. మంచి కంపెనీది కాదు, పాత గోటీ, పగిలినా బాధ లేనిది. నలిగిన తల మీద పెట్టి సుత్తితో కొట్టాను. మొదటి నాలుగు దెబ్బలకు గంతులు వేసింది. తర్వాత తల అంచులనుంచి సన్నటి ఇనుప పేలికలు చెక్కుకుంటూ లోపలికి దిగింది. పూర్తిగా దిగాక సుత్తి చప్పుడు మారుతుంది: 'ఠంగ్' పోయి 'ధబ్' అని వస్తుంది. అప్పుడు రాడ్డు పెట్టాలి. కాలిపర్ బోల్టయితే దాని వెనక పిన్ను కూడా తోడుగా తిరుగుతుంది, దాన్ని పలచటి ఫిక్స్ పానాతో పట్టుకుని ఉంచాలి. తిప్పాను, వచ్చింది. బోల్టు గోటీలో ఇరుక్కుపోతుంది, అది మామూలే. రాడ్డు పెట్టే చదరపు రంధ్రంలోంచి పంచ్ పెట్టి కొడితే రాలుతుంది.

కొత్తగా గోటీ కొనక్కర్లేదు, అంగుళాల సెట్టు ఇక్కడ పనికొస్తుంది. అరిగిన 13కు అర అంగుళం, అంటే 12.7. అరిగిన 10కి 3/8, అంటే 9.5. నా బోల్టును పాడుచేసిన పెట్టే తర్వాత నాకు రెండు బోల్టులు ఊడదీసి పెట్టింది.

కొట్టడానికి చోటు లేదంటే లాకింగ్ ప్లయర్, అంటే నొక్కితే పట్టు బిగుసుకుని ఉండిపోయే పట్టకారు. ముందు ఆకురాయితో తలకు ఎదురెదురుగా రెండు చదును ముఖాలు చేసి, వాటిని పట్టుకోండి. గుండ్రటి తలను అలాగే పట్టుకుంటే పళ్లు గీరుకుపోవడమే తప్ప బోల్టు రాదు. స్క్రూ బిగించి, నొక్కినప్పుడు చేతికి కష్టంగా అనిపించేంత గట్టిగా పట్టాలి.

అలెన్ బోల్టు (తలలో ఆరు మూలల రంధ్రం ఉండేది) లోపలి రంధ్రం గుండ్రమైతే టార్క్స్ బిట్టు, అంటే నక్షత్రం ఆకారపు బిట్టు. 6 ఎంఎం రంధ్రానికి టీ-40 పెట్టి సుత్తితో దించండి. నక్షత్రం మూలలు నలిగిన గోడల్లోకి దిగి పట్టుకుంటాయి. తలలో ప్లస్ గాడి ఉన్న స్క్రూకయితే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంది. వెనకనుంచి సుత్తితో కొడితే తనే కొంచెం తిరిగేది. ఆ పనిముట్టు ప్రతి ఇంట్లో ఉండాల్సిందే. స్క్రూల విషయంలో ఎన్నో తిట్లు మిగులుస్తుంది.

శానం (ఇనుము కోసే ఉలి) పెట్టి తల అంచు మీద ఊడే వైపు కొట్టడం పాతకాలం పద్ధతి. పనిచేస్తుంది, కానీ దాని తర్వాత ఇంకే పద్ధతికీ తల మిగలదు. అందుకే చివర్లో.

వేడి

నూనెకు లొంగని బోల్టు మంటకు లొంగుతుంది. నట్టునో, బోల్టు దిగిన ముక్కనో వేడి చేయాలి. అది వ్యాకోచించి మర వదులవుతుంది. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి, అల్యూమినియంలో దిగిన ఉక్కు బోల్టు దగ్గర వేడి ఇంకా బాగా పనిచేస్తుంది. నాకు నచ్చే ఉపాయం కొవ్వొత్తి. బోల్టు బాగా వేడెక్కాక మంట తీసేసి, దాని మొదట్లో కొవ్వొత్తిని తాకించండి. మైనం కరిగి, గుడ్డ నీటిని పీల్చినట్టు, మరల్లోకి వెళ్లిపోతుంది.

మంట పెట్టకూడని చోట్లు తెలుసుకోండి. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు పైపులు, బ్రేకు హోసులు, రబ్బరు బుష్షులు, షాక్ అబ్జార్బర్లు, ఎయిర్‌బ్యాగు వైర్లు. షాక్ అబ్జార్బరులో గ్యాసు ఒత్తిడి ఉంటుంది, వేడెక్కితే పేలుతుంది. నూనె కొట్టిన వెంటనే మంట పెట్టొద్దు, తుడిచి ఆరనివ్వండి. బ్రేకు క్లీనరు కొట్టిన చోట అసలు మంటే వద్దు. కొన్ని రకాల్లో క్లోరిన్ ఉంటుంది, కాలితే విషవాయువు వస్తుంది. నా కాలిపర్ పిన్ను దగ్గర రబ్బరు తొడుగు ఉంది, అందుకే నేను మంట జోలికి పోలేదు.

తల తెగిపోతే

ఊపిరి పీల్చుకోండి. ఎంత మిగిలిందో చూడండి. కాస్త బయటికి ఉంటే లాకింగ్ ప్లయరుతో ప్రయత్నించవచ్చు, బోల్టు బిగించి పట్టిన ముక్క తీసేశాక ఒత్తిడి పోయి సులువుగా తిరిగేవి చాలా ఉంటాయి. లోపలే తెగిపోతే నా ఓటు వెల్డింగుకు. తెగిన మొండెం మీద నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగు చేసి, ఎర్రదనం పోయాక పానాతో తిప్పుతారు. వెల్డింగు వేడే సగం పని చేసేస్తుంది. బ్యాటరీ వైర్లు ఊడదీసి ఇవ్వడం మరిచిపోకండి. కారును అక్కడికి తీసుకెళ్లే వీలుంటే తీసుకెళ్లండి, లేదంటే ఆ ముక్కను ఊడదీసుకుని వెళ్లండి. మా బడాబజార్ వైపు ఇలాంటి పనికి అడిగే డబ్బు, విరగ్గొట్టుకున్న డ్రిల్లు బిట్ల ఖరీదు కంటే తక్కువే.

అమ్మే బోల్టు ఎక్స్‌ట్రాక్టర్ల మీద నాకు నమ్మకం తక్కువ. బోల్టు నడిమధ్యన రంధ్రం వేసి, ఎదురు మరలున్న గట్టి ముక్కను అందులోకి తిప్పాలి. తలే తెగేంతగా పట్టేసిన బోల్టును, అంతకంటే సన్నని ముక్క ఎలా తిప్పుతుంది? అది లోపల విరిగిందా, ఆ ఉక్కు మామూలు డ్రిల్లుకు లొంగదు. కొత్త బాధ మొదలు. వాడితే మాత్రం సెంటర్ పంచ్ కొట్టకుండా డ్రిల్లు పెట్టకండి. ఎదురు దిశలో తిరిగే డ్రిల్లు బిట్టు దొరికితే ఇంకా మంచిది, ఒక్కోసారి రంధ్రం వేస్తుండగానే బోల్టు దానంతటదే వచ్చేస్తుంది.

మరలు పాడైతే లేత్ షాపులో ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) కొట్టిస్తారు. ఇంట్లోనే శుభ్రం చేసుకునేవాళ్లు బోల్టు మరకు తగ్గ ట్యాపే వాడాలి. 10 మరలోనే మరకూ మరకూ మధ్య దూరం 1.25, 1.5 మిల్లీమీటర్లు అని వేర్వేరుగా ఉంటుంది. తప్పు ట్యాపు మంచి మరనూ కోసేస్తుంది.

తిరిగి బిగించడం

అరిగిన బోల్టును పారేయండి. ఇంకోసారికి పనికొస్తుందని పెట్టెలో వేస్తే, చీకట్లో అదే చేతికొస్తుంది. కొత్త బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 లేదా 10.9 అని అంకె ఉంటుంది, పాతదాని మీద ఏముందో అదే కావాలి. బ్రేకు, స్టీరింగు, సస్పెన్షను బోల్టులు హార్డ్‌వేర్ షాపులో తూకానికి అమ్మే వాటితో సరిపెట్టకండి. విడిభాగాల షాపులో మీ మోడల్ చెప్పి కొనండి.

సైలెన్సరు బోల్టులకు, బురద తగిలే వాటికి మరల మీద కాపర్ గ్రీజు పలచగా రాయండి. చక్రం నట్లకు రాయొద్దు. గ్రీజు ఉన్న మర అదే బలానికి ఎక్కువ బిగుసుకుంటుంది, స్టడ్డు సాగుతుంది. మాన్యువల్‌లో చెప్పిన లెక్కకు టార్క్ రెంచితో బిగించండి. ఒకసారి టైరు మార్చడానికి ఇచ్చినప్పుడు ఎయిర్ గన్నుతో వాయించేశారు, మూడు నెలల తర్వాత దారిలో పంక్చరైతే నేనూ, మా బావమరిదీ కలిసి పైపు మీద నిలబడాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎవరు బిగించినా ఇంటికొచ్చి చేత్తో వదులు చేసి మళ్లీ బిగిస్తాను.

కాలిపర్ విప్పి ఉంటే, కారు కదిపే ముందు బ్రేకు పెడలు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. పిస్టను వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటిసారి పెడలు నేలదాకా పోతుంది. అది గేటు లోపల ఉండగానే తెలియాలి.